రెండుసార్లు పూయాల్సిన హైడ్రాంజియా ఆకులతోనే సరిపెడుతోంది, ఎందుకు?

సందేహం: మాది హనుమకొండ, ఇప్పుడు ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటున్నాం. నాలుగేళ్ల కిందట ‘ఎండ్‌లెస్ సమ్మర్’ అని చీటీ ఉన్న నీలం పూలగుత్తుల హైడ్రాంజియా పొదలు మూడు కొని ఇంటి ముందు గోడ వెంట నాటాం. వేసవంతా పూస్తూనే ఉంటాయని చెప్పి అమ్మారు. కొన్న ఏడాది గంపెడు పూలు. ఆ తర్వాత అంతా ఆకే, ఆగస్టులో ఏవో నాలుగు పూలు, అవీ గులాబీ రంగులో. పక్కింటాయన ఏటా మార్చిలో తన చెట్లని మోకాలెత్తుకి కోసేస్తే అవి విరగబూస్తాయి, అది చూసి మావారు నవంబరులో మావి మొదలంటా కోస్తున్నారు. లాన్‌కి వేసే ఎరువే వీటికీ వేస్తున్నాం, కాఫీ పిప్పి కూడా. పూసిన ఆ నాలుగూ పొడవాటి కాడలతో బతుకమ్మకి కోసుకుంటాను. రోజూ నీళ్లు పెడుతున్నా మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తున్నాయి. ఈ మొక్క హనుమకొండలో అమ్మ వాళ్లింట్లో బతుకుతుందా?

సలహా: మీ మొక్కలకు జబ్బేమీ లేదండి. ఆకు అంత గుబురుగా వస్తోందంటే వేరు బలంగానే ఉంది. పోతున్నదల్లా మొగ్గ. దాన్ని పోగొడుతున్నది కొంత మీ ఊరి చలి, మిగతాది మీ ఇంట్లోని కత్తెర.

మీది పెద్దాకు హైడ్రాంజియా, జపాన్ సముద్రతీరపు మొక్క. ఇది వచ్చే వేసవి పూతకి కావలసిన మొగ్గని ఆగస్టు నుంచి అక్టోబరులోపే కాడల కొసన కట్టేసుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ఈసారి అక్టోబరులో ఒక కాడ కొస చూడండి, చివరి రెండాకుల నడుమ చిటికెన వేలి గోరంత లావుపాటి మొగ్గ ఉంటుంది, ఒక్కటి పోతే పోయిందనుకుని దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దం పెట్టి చూస్తే లోపల పొరల మధ్య వచ్చే ఏడాది పూగుత్తి ఆవగింజల కుప్పలా అప్పుడే మొదలై కనిపిస్తుంది. నవంబరులో మొదలంటా కోయడమంటే వీటన్నిటినీ తీసి చెత్తబుట్టలో వేయడమే. బతుకమ్మకి కోసినప్పుడూ అంతే, పువ్వుతో పాటు రెండడుగుల కాడ వచ్చిందంటే ఆ కాడ మీద కణుపుల్లో తయారవుతున్న మొగ్గలు కూడా వచ్చేసినట్టే. పండక్కి కోసుకోవద్దని కాదు, తంగేడు, గునుగు దొరకని చోట ఇంత పెద్ద గుత్తి దొరకడం అదృష్టమే, కాకపోతే పువ్వు కింద కనిపించే మొదటి పెద్ద ఆకుల జత పైన కత్తిరించి పొట్టి కాడతో పేర్చుకోండి.

మరి వేసవంతా పూస్తుందనే కదా దీన్ని అమ్మింది అంటారా, అక్కడే అందరూ పొరబడేది. 1998లో మైకేల్ డిర్ అనే ఉద్యానశాస్త్ర ప్రొఫెసరు చలి ఎక్కువుండే మిన్నెసోటాలోని బెయిలీ నర్సరీ మళ్లలో ఒక మొక్కని గమనించారు, ఆ చలికి పెద్దాకు రకం కాడలు మామూలుగా చచ్చిపోతాయి, పూత ఉండదు, ఈ మొక్క మాత్రం కొత్తగా లేచిన పిలకల మీద కూడా పూస్తోంది. అదే 2004లో ఎండ్‌లెస్ సమ్మర్‌గా మార్కెట్‌లోకి వచ్చింది, ఆ తర్వాత ఇలాంటి రకాలు ఇంకా చాలా వచ్చాయి. అంటే పాత కాడ చచ్చినా ఏదో ఒక పూత దక్కుతుందని దీన్ని ఎంచుకున్నారు గానీ పాత కాడ అక్కర్లేదని కాదు. మన లెక్కలో చెప్పాలంటే పాత కాడల పూత ఖరీఫ్, జూన్ రెండో సగంలో మొదలవుతుంది, కొత్త పిలకల పూత రబీ, జూలై చివరి నుంచి వస్తుంది. మీరు ఖరీఫ్‌ని ఏటా నవంబరులోనే దున్నేస్తున్నారు. ఇక మిగిలిన రబీలో పిలక నేలలోంచి లేచి తగినంత ఎదిగాక గానీ మొగ్గ తొడగదు, దానికి నత్రజని ఎక్కువైతే ఇంకా ఆలస్యం. మీకు ఆగస్టులో నాలుగే పూలు రావడానికి కారణం ఇదే.

పక్కింటాయనది వేరే జాతి. చూడకుండానే చెప్పగలను, ఆయన పూలు గుండ్రంగా కాక పొడవుగా శంఖు ఆకారంలో ఉంటాయి, మొదట తెలుపో లేత ఆకుపచ్చో ఉండి చలికాలానికి గులాబీ రంగుకి తిరుగుతాయి, అవునా? అది పానిక్యులేటా, లైమ్‌లైట్ లాంటివన్నీ ఆ జాతే, పూర్తిగా కొత్త కొమ్మ మీదే పూస్తుంది కాబట్టి మార్చిలో ఎంత కోసినా దానికి దిగుల్లేదు. ఆకు కూడా చూడండి, మీది దళసరిగా మెరుస్తూ అరచేతికి మించి ఉంటుంది, ఆయనది చిన్నది, గరుకు, ఒక్కో కణుపు దగ్గర తరచూ మూడేసి ఆకులు. ఆయన్ని చూసి కత్తెర పట్టడం మానేయమని మీవారితో నా మాటగా చెప్పండి.

ఈ ఏడాది నుంచి చలికాలంలో అసలేం కోయకండి. ఎండిన పూలు కూడా అలాగే ఉంచితే కింది మొగ్గలకు కొంత చాటు. వసంతంలో కూడా తొందర వద్దు, ఏప్రిల్‌లో కాడలు చచ్చిన పుల్లల్లా కనిపించి కోసేద్దామని చెయ్యి దురద పెడుతుంది, అయినా మే నెల దాకా ఆగండి. అప్పుడు గోటితో కాడ బెరడు కాస్త గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమ రంగులో పొడిగా ఉంటే పోయింది. పైనుంచి కిందికి గీకుతూ వచ్చి బతికున్న మొదటి మొగ్గల జతకి కాస్త పైన కోయండి, పూర్తిగా చచ్చినవి మాత్రం నేలమట్టానికి తీసేయండి. జూన్, జూలైల్లో వాడిన పూలని పై పెద్దాకుల జత దాకా కత్తిరిస్తూ పోతే చెట్టు మళ్లీ పూత మీదికి వస్తుంది, ఆగస్టు వచ్చాక బతుకమ్మకి పొట్టి కాడతో కోసుకునేవి తప్ప అది కూడా ఆపేయాలి.

కొలంబస్ చలికి ఈ రకం వేరు చావదు. నష్టమంతా కొస మొగ్గకే, అది కూడా జనవరి చలి కంటే ఏప్రిల్, మే నెలల దొంగ చలితో ఎక్కువ. నాలుగు రోజులు వెచ్చగా ఉండేసరికి మొగ్గ విచ్చుకుంటుంది, ఆ రాత్రే 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడితే మర్నాటికి నల్లగా మాడి ఉంటుంది. అందుకే నవంబరు చివర్లో ఆకు రాలాక మొక్క చుట్టూ కోళ్ల కంచె లాంటి వైరు వలని గుండ్రంగా కట్టి ఎండుటాకులు వదులుగా నింపండి, ఓక్ ఆకులైతే ముద్దకట్టవు. కాడ కొస దాకా కప్పితే మంచిది, కనీసం అడుగున్నర కప్పినా ఆ మేరకు మొగ్గలు దక్కుతాయి. ఏప్రిల్‌లో ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తీయండి, ఆ తర్వాత ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన రాత్రి పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసేయండి. ఈ వలతో ఇంకో లాభం, మీ వైపు జింకలు, కుందేళ్లు శీతాకాలంలో ఈ కొసలే కొరుక్కు తింటాయి. కాడ పీచులు తేలి చిరిగినట్టుంటే జింక, కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే కుందేలు.

లాన్ ఎరువు వెంటనే ఆపండి. సంచి మీద మూడు అంకెల్లో మొదటిది చూడండి, ముప్పై దాకా ఉంటుంది, అదంతా నత్రజని, గడ్డికి బాగు, పూతకి చేటు. కలుపుమందు కలిసిన రకమైతే ఇంకా ప్రమాదం, వెడల్పాకు కలుపుని చంపే మందుకి హైడ్రాంజియా కూడా వెడల్పాకే, ఆకులు మెలిపడతాయి. 10-10-10 లాంటి నిదానంగా కరిగే ఎరువు డబ్బా మీద రాసిన మోతాదులో మొగ్గ విచ్చేటప్పుడొకసారి, జూన్‌లో ఒకసారి చాలు. జూలై దాటాక వేస్తే లేత చిగురు చలికి దొరికిపోతుంది.

రంగు సంగతి. నీలం రావాలంటే వేరుకి అల్యూమినియం అందాలి, అది మట్టి పులుపుగా ఉన్నప్పుడే కరుగుతుంది. మట్టి పులుపుని చెప్పే ఉదజని సూచిక (pH) 5.5 లోపు ఉంటే నీలం, 6.5 దగ్గరికి వస్తే గులాబీ, మధ్యలో ఊదా. మీ వైపు నేలల్లో సున్నం ఎక్కువ, పైగా మొక్కలు గోడ వెంట ఉన్నాయి, సిమెంటు పునాది నుంచి కూడా సున్నం దిగుతుంది, గులాబీ కాక ఇంకేం వస్తుంది. వాడేసిన కాఫీ పిప్పిలో పులుపు దాదాపు ఉండదు, దాని వల్ల రంగు మారదు, తుప్పు మేకులు పాతితే నీలం వస్తుందన్నదీ వట్టిమాట. ముందు మట్టి పరీక్ష చేయించండి, మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో అడిగితే ఏ ల్యాబ్‌కి పంపాలో చెబుతారు. సూచిక ఎక్కువని తేలితే అల్యూమినియం సల్ఫేట్ ఒక టేబుల్ స్పూను గ్యాలన్ నీళ్లలో కలిపి మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నెలకొకసారి మొక్క మొదలు దగ్గర పోయండి. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలి, తొందరపడి మోతాదు పెంచితే వేళ్లు మాడతాయి. భాస్వరం ఎక్కువున్న ‘బ్లూమ్ బూస్టర్’ ఎరువులు అల్యూమినియాన్ని పట్టేసుకుంటాయి కాబట్టి అవి వద్దు. నా సలహా అయితే ముందు పూలు రానివ్వండి, రంగు వచ్చే ఏడాది చూద్దాం.

మధ్యాహ్నం ఆకు వేలాడేసిందని వెంటనే పైపు పట్టుకోకండి. అంత వెడల్పాకు ఎండలో కోల్పోయే నీటిని వేరు అంత వేగంగా అందించలేదు, సాయంత్రానికి లేచి నిలబడితే టెన్షన్ అక్కర్లేదు. మట్టిలోకి వేలు రెండంగుళాలు దించండి, పొడిగా ఉంటేనే నీళ్లు, వర్షంతో కలిపి వారానికి అంగుళం నీరు అందితే చాలు. రోజూ పైపైన తడపడం కంటే వారానికి ఒకటి రెండుసార్లు మొదలు దగ్గర నిండా పెట్టండి, ఆకుల మీద చల్లితే ఊదా అంచున్న మచ్చలు వస్తాయి. మొదలుకి తగలకుండా పైన్ బెరడు మల్చ్ రెండు మూడు అంగుళాలు పరవండి. మీ గోడ పడమటి ముఖమైతే మాత్రం ఇవన్నీ చేసినా సగమే ఫలితం, దీనికి పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ కావాలి. ఆకు రాలాక నేల గడ్డకట్టకముందే, లేదా మొగ్గ కదలకముందు మార్చిలో, పెద్ద మట్టిగడ్డతో సహా తూర్పు వైపుకి మార్చండి.

ఇక హనుమకొండ సంగతి, వద్దండి. అక్కడి మే నెల ఎండకీ వేడి రాత్రులకీ ఇది తట్టుకోలేదు, మన దేశంలో ఇది ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్ లాంటి చల్లటి కొండల మొక్క. చలికాలంలో కుండీ కొన్నా ఎండలు ముదిరేదాకే. సూట్‌కేసులో కొమ్మలు పెట్టుకెళ్లే ఆలోచన కూడా పెట్టుకోకండి, మొక్కల క్వారంటైన్ అనుమతులు లేకుండా అది కుదరదు. అమ్మగారికి గుత్తులుగా పూసే చెట్టు కావాలంటే నూరువరహాలు పెట్టించండి, మన ఎండకి ఆగుతుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. సున్నపు నేలలో దాని లేతాకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి పసుపెక్కుతాయి, అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు చల్లమనండి.