ఇటుక బొమ్మలతో అసలు బండ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లెగో టెక్నిక్ ముక్కలతో పెద్ద యంత్రాలు కట్టడం గురించే. జవాబులకు ముందు ఒక కొలత గుర్తుపెట్టుకోండి. బీములో (వరస రంధ్రాలున్న పొడవాటి ముక్కలో) ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి 8 మిల్లీమీటర్లు. కింద 'గడి' అని రాసిన చోటల్లా ఈ 8 మి.మీ. అనే అర్థం.

మా ఇంటి 50 హెచ్‌పీ ట్రాక్టరును ఉన్నదున్నట్టు కట్టాలని ఉంది. ఫోటోలు చూసి ఒకసారి కట్టిన. ఇంజిను పెద్దగ, చక్రాలు చిన్నగ వచ్చినయ్. కొలతలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె? (మిర్యాలగూడ)

టైరు నుంచి. మిగతావన్నీ మనకు కావలసినంత పొడవున పేర్చుకోవచ్చు గానీ, టైరు మాత్రం కంపెనీ అచ్చు పోసిన సైజులోనే దొరుకుతుంది. కాబట్టి స్కేలును అదే నిర్ణయించాలి.

మీ బండి వెనక టైరు పక్కన 13.6-28 అని ఉంటే దాని ఎత్తు సుమారు 131 సెం.మీ. టెక్నిక్‌లో ట్రాక్టరు గాట్లున్న పెద్ద టైరు వ్యాసం 107 మి.మీ. 1310ని 107తో భాగిస్తే 12.2 వస్తుంది. అంటే అసలు బండిలో 12.2 సెం.మీ. ఉన్నది మీ బొమ్మలో 1 సెం.మీ. అవుతుంది. ఇప్పుడు ముందు టైరు చూడండి. 6.00-16 అయితే ఎత్తు దాదాపు 74 సెం.మీ. దాన్ని 12.2తో భాగిస్తే 60.6 మి.మీ. టెక్నిక్‌లో 62.4 మి.మీ. టైరు ఉంది. రెండు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. ముందూ వెనకా టైర్లు రెండూ ఒకే స్కేలుకు దొరకడం అరుదు, ట్రాక్టరుకు దొరికాయి.

వెడల్పులో మాత్రం రాజీ పడక తప్పదు. 13.6 అంగుళాల టైరు ఈ స్కేలులో 28 మి.మీ. ఉండాలి, మనకు దొరికేది 44 మి.మీ. అందుకని రెండు టైర్ల బయటి అంచుల మధ్య దూరాన్ని స్కేలుకు సరిగ్గా ఉంచి, ఎక్కువైన వెడల్పును మడ్‌గార్డు కిందికి, లోపలి వైపుకు నెట్టండి. బయటికి పెంచారా, బండి రోడ్ రోలర్‌లా కనిపిస్తుంది.

ఇక టేపు పట్టుకోండి. అసలు బండిలో ప్రతి 9.8 సెం.మీ.కు ఒక గడి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2 మీటర్లుంటే 20న్నర గడులు. టైర్ల బయటి వెడల్పు 175 సెం.మీ. ఉంటే దాదాపు 18 గడులు. కానీ 17 తీసుకోండి. బీములు ఎక్కువగా 5, 7, 9, 11, 13, 15 రంధ్రాలతో బేసి లెక్కలోనే వస్తాయి. వెడల్పు కూడా బేసిలో ఉంటే ఇంజిను నుంచి వచ్చే ఇరుసు సరిగ్గా నడిమి రంధ్రంలో పడుతుంది. సరి సంఖ్యలో పెట్టుకుంటే ప్రతి గేరూ అర గడి పక్కకు పోయి, దాన్ని సరిచేయడానికే సగం ముక్కలు ఖర్చవుతాయి.

ఇంజిను పెద్దగా రావడానికి కారణం ఫోటోలే అయి ఉంటుంది. బండికి దగ్గర నిలబడి ఫోనుతో తీస్తే ముందున్న బానెట్ ఉబ్బుతుంది, వెనకున్నది కుంచించుకుపోతుంది. పది మీటర్లు వెనక్కి పోయి, చక్రం ఇరుసు ఎత్తులో ఫోను పెట్టి, జూమ్ చేసి పక్క నుంచి తీయండి.

ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి కంకర వేస్తే కదలడం లేదు, లోపల గేర్లు కటకటమంటున్నాయి. మోటరు మాత్రం బాగానే ఉంది. (నాగర్‌కర్నూల్)

పళ్లు ఒకదాని మీది నుంచి ఒకటి జారుతున్నాయి. బరువు పడినప్పుడు రెండు గేర్లూ ఒకదాన్నొకటి దూరంగా తోసుకుంటాయి. ఇరుసును ఒకవైపే బీము పట్టుకుని ఉంటే రెండో కొన వంగి పళ్లు విడిపోతాయి. ప్రతి గేరుకూ రెండు పక్కలా, ఆనుకుని బీము ఉండాలి. చాలామంది గేరు మారుస్తారు గానీ ఈ ఒక్క పని చెయ్యరు.

గేర్ల మధ్య దూరం కూడా చూడండి. రెండు గేర్ల పళ్లు కూడి సగం చేస్తే మిల్లీమీటర్లలో దూరం వస్తుంది. 8 పళ్లు, 24 పళ్లు: 16 మి.మీ., రెండు గడులు. 12, 20: అదీ రెండు గడులే. 8, 40: మూడు గడులు. 20, 24 కలిపితే 22 మి.మీ. వస్తుంది, ఏ గడిలోనూ పడదు. దాన్ని వాలు బీములో ఎలాగో ఇరికిస్తే ఖాళీగా తిరుగుతుంది, బరువు పడగానే జారుతుంది.

రెండోది, వేగం తగ్గించే చోటు. మోటరు దగ్గరే వేగమంతా తగ్గిస్తే, అక్కడి నుంచి చక్రం దాకా ప్రతి ఇరుసూ పూర్తి బలాన్ని మోయాలి. పొడవాటి ప్లాస్టిక్ ఇరుసు తాడులా మెలిపడుతుంది. అందుకే మొదట 12-20, చివర చక్రం పక్కనే 8-24 పెట్టండి. మొత్తం ఐదు రెట్లు తగ్గుతుంది. మోటరు నిమిషానికి 200 చుట్లు తిరిగితే చక్రం 40 చుట్లు తిరుగుతుంది. 107 మి.మీ. టైరు ఒక చుట్టుకు 33.6 సెం.మీ. పోతుంది కాబట్టి సెకనుకు 22 సెం.మీ. స్కేలుకు గుణిస్తే అసలు బండి గంటకు 10 కిలోమీటర్ల లోపు పోయినట్టు. లోడు ట్రాలీకి అది సరైన నడక.

వెనక ఇరుసులో డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) తప్పకుండా ఉండాలి. అది లేకపోతే మలుపులో ఒక చక్రం ఈడ్చుకుపోయి, ఆ బరువూ మళ్లీ ఆ పళ్ల మీదే పడుతుంది.

లారీ మీద బోరు బండి కడుతున్నాను. మాస్టు (పైకి లేచి నిలబడే స్తంభం) 60 సెం.మీ., 400 గ్రాములు. రెండు లీనియర్ యాక్చుయేటర్లు (మోటరుతో సాగే జాకీలు) పెట్టినా పడుకున్న దగ్గరి నుంచి లేవడం లేదు, టకటకమంటోంది. లారీ చాసిస్ కూడా నడుములో కుంగుతోంది. (అచ్చంపేట)

ఆ టకటక యాక్చుయేటర్ లోపలి క్లచ్‌ది. బరువు మించినప్పుడు విరగకుండా తనను తాను కాపాడుకుంటోంది. శబ్దం రాగానే మోటరు ఆపేయండి.

బరువు లెక్క చూద్దాం. 400 గ్రాముల మాస్టు భారం నడుమున, అంటే కీలుకు 30 సెం.మీ. దూరంలో ఉంది. అది కీలుకు 1 సెం.మీ. దూరంలో 12 కిలోలు వేలాడదీసినట్టు. పెద్ద యాక్చుయేటర్ 11 గడుల నుంచి 16 గడులకు సాగుతుంది, అంటే 4 సెం.మీ. ఆ 4 సెం.మీ.తో మాస్టు పూర్తిగా నిలబడాలంటే దాని కొనను కీలుకు 2.8 సెం.మీ.కు మించి దూరంగా తగిలించలేం. మాస్టు పడుకుని ఉన్నప్పుడు జాకీ ఏటవాలుగా తోస్తుంది కనుక పని చేసే దూరం 2 సెం.మీ.కు పడిపోతుంది. 12ను 2తో భాగిస్తే 6 కిలోలు. ఒక్కో జాకీ మీద 3 కిలోలు.

మొదట మాస్టును తేలిక చేయండి. నిండుగా ఇటుకలు పేర్చకుండా, నాలుగు మూలలా సన్నని బీములు పెట్టి మధ్యలో ఏటవాలు కడ్డీలు వేస్తే 250 గ్రాముల్లో వస్తుంది. లేపేటప్పుడు రాడ్డు తిప్పే హెడ్డును కిందికి, కీలు వైపుకు దించి ఉంచండి. భారం 30 సెం.మీ. నుంచి 22కు దిగితే 250ని 22తో గుణించి, 2 సెం.మీ.తో భాగించి చూడండి: రెండు జాకీలకూ కలిపి 2.75 కిలోలు. మునుపటి దాంట్లో సగం కూడా కాదు. ఇంకొకటి: క్యాబిన్ మీద దిమ్మ పెట్టి మాస్టును 10 డిగ్రీల వాలులో పడుకోబెట్టండి. లేవవలసింది 80 డిగ్రీలే అవుతుంది, జాకీ తగిలించే చోటును 3.1 సెం.మీ.కు జరుపుకోవచ్చు. రెండు జాకీలనూ ఒకే ఇరుసు మీద ఒకే మోటరుతో తిప్పండి. వేర్వేరు మోటర్లయితే ఒకటి ముందు లేచి మాస్టు మెలిపడుతుంది.

చాసిస్ సంగతికి వస్తే, లోపం అతుకుల్లో ఉంటుంది. 15 రంధ్రాల బీములు వరసగా పెట్టి, రెండు వైపులా ఒకే చోట అతికితే అక్కడే కుంగుతుంది. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ ఇటుక అతుకు మీద అతుకు రానివ్వడు కదా, ఇక్కడా అంతే. ఒక్కో అతుకు దగ్గర బీములు కనీసం 5 రంధ్రాల మేర ఒకదాని పక్కన ఒకటి ఉండి, ఆ రెండు చివర్లా బీములను కలిపే పిన్నులు పడాలి. పిన్నులు పక్కపక్కనే పెడితే అతుకు ఆడుతుంది. బీములను పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఐదు గడులు వదిలి రెండు వరసలుగా పెట్టండి. అట్టముక్క పడుకోబెడితే వంగుతుంది, నిలబెడితే వంగదు.

ఆ రెండు వరసల మధ్యా, మాస్టు కాళ్ల దగ్గరా త్రికోణాలు వేయండి. 7, 9, 11 రంధ్రాల బీములు మూడూ కలిపితే భుజాలు 6, 8, 10 గడులవుతాయి. మూలమట్టం చూడడానికి మేస్త్రీలు వాడే 3-4-5 కొలతకు ఇది రెట్టింపు. ఎక్కడా వంచకుండా, ఒత్తిడి లేకుండా సరిగ్గా లంబకోణం పడుతుంది. రంధ్రం కలవకపోతే బలవంతంగా పిన్ను దిగ్గొట్టకండి. వంగి ఉన్న బీము ఎండాకాలంలో అలాగే నిలిచిపోతుంది.

నాగార్జునసాగర్ గేట్లు కట్టి, మోటరుతో లేపాలని మా పిల్లల కోరిక. ఎంత పెద్దగా కట్టాలి? (హాలియా)

26 గేట్లూ అనుకోకండి. ఒక్కో గేటు 40 అడుగులకు పైనే వెడల్పు. 1:50 స్కేలులో 26 సెం.మీ. దాకా వస్తుంది. మూడు గేట్లు, మధ్య పియర్లతో (గేట్ల నడుమ గోడలతో) కలిపి మీటరు లోపు సరిపోతుంది.

అవి రేడియల్ గేట్లు. ముందు పలక వంపుగా ఉంటుంది, వెనక చేతులు ఒక ఇరుసు దగ్గర కలుస్తాయి. నీటి తోపుడంతా ఆ ఇరుసు గుండా పియర్ మీదికి పోతుంది కాబట్టి, పైనున్న మోటరు గేటు బరువునూ రాపిడినీ మాత్రమే లాగితే చాలు. మీ బొమ్మలో ఆ వంపుకు కేంద్రం సరిగ్గా ఇరుసు మీదే పడాలి. లేకపోతే లేచేటప్పుడు గేటు కింది అంచు రాసుకుంటుంది. సులువైన దారి: పలకను నాలుగు అడ్డ పట్టీలుగా కట్టి, ప్రతి పట్టీనీ ఇరుసు నుంచి ఒకే పొడవున్న చేతికి బిగించండి. వంపు దానంతటదే వస్తుంది.

లేపడానికి వార్మ్ గేరు (మరలా చుట్టిన పన్ను ఉన్నది), 24 పళ్ల గేరు. వార్మ్ 24 చుట్లు తిరిగితే తాడు చుట్టుకునే డ్రమ్ము ఒక్క చుట్టు తిరుగుతుంది. కరెంటు ఆపినా గేటు జారదు. వార్మ్‌కు రెండు పక్కలా బుష్ (ఇరుసు మీద బిగిసే చిన్న రింగు) పెట్టడం మరిచిపోతే అది ఇరుసు మీద పక్కకు జరిగి పళ్లు వదిలేస్తుంది. మోటరును గేటు నడిమిన పెట్టి రెండు వైపులా ఇరుసు తీయండి. ఒక కొనలో పెడితే, ఇరుసు మెలిపడి రెండో కొన తాడు ఆలస్యమవుతుంది, గేటు ఓరగా లేచి పియర్ల మధ్య ఇరుక్కుంటుంది.

వరికోత చైన్ మిషన్ కట్టిన. చైను నున్నటి గచ్చు మీద జారుతున్నది. (హుజూర్‌నగర్)

ప్లాస్టిక్ లింకుకు పట్టు ఉండదు. లింకుల రంధ్రాల్లో దిగే రబ్బరు ముక్కలు దొరుకుతాయి, రెండు లింకులకు ఒకటి చొప్పున పెట్టినా చాలు. చైను బిగుతుగా ఉంటే మోటరు బలం అక్కడే పోతుంది. పై వరస నడుమున కొద్దిగా వేలాడాలి.

సెట్టు కొని విప్పుకోవాలా, విడి ముక్కలు కొనాలా? (వనపర్తి)

ముందు కంప్యూటర్‌లో కట్టండి. బ్రిక్‌లింక్ వారి స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ముక్కల జాబితా అదే ఇస్తుంది. టైర్లు, మోటర్లు, యాక్చుయేటర్లు ఉన్న ఒక సెట్టు కొని, బీములు, పిన్నులు విడిగా తెప్పించుకోవడం మేలు. పిన్నులు బీముకు నాలుగు లెక్కన తెప్పించండి, ఎప్పుడూ తక్కువపడేవి అవే. రంగులు కలపకండి: నల్లవి, నీలివి పట్టు ఉన్న పిన్నులు, అతుకులకు. బూడిద రంగువి, లేత గోధుమ రంగువి వదులుగా తిరిగేవి, కీళ్లకు. మాస్టు కీలులో నల్ల పిన్ను పెట్టి మోటరును తిట్టుకునేవారు చాలామంది. అనుకరణ ముక్కలు బానెట్‌కూ డోర్లకూ పర్వాలేదు, గేర్లకూ పిన్నులకూ వద్దు.

బోరు నీళ్లతో కడిగితే ముక్కల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. ఎండాకాలం ఎలా దాచాలి? (మహబూబ్‌నగర్)

అవి నీళ్లలోని సున్నం మచ్చలు. సబ్బు నీళ్లతో కడిగి, ఆఖరుసారి ఫిల్టర్ నీళ్లలో జాడించి నీడలో ఆరబెట్టండి. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి అంత వేడెక్కుతాయి, పొద్దున్నే కడగండి. మోటర్లు, యాక్చుయేటర్లు, బ్యాటరీ పెట్టెలు కడగకూడదు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. కిటికీ ఎండ తగిలితే తెల్లవి పసుపెక్కుతాయి. దాచే ముందు బ్యాటరీలు తీసేయండి, రబ్బరు బ్యాండ్లు విప్పేయండి, మాస్టు బరువు జాకీల మీద కాకుండా క్యాబిన్ దిమ్మ మీద ఆనేలా చూడండి.