చక్కెరను బదిలీ చేసేదా, చక్కెర బదిలీ చేయబడేదా?

సందేహం: జీవకణాల్లోని గ్లైకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్‌ల గురించి ఒక వ్యాసంలో 'చక్కెర అణువులు బదిలీ చేయబడే ఎంజైములు' అని చదివాను. 'చక్కెర అణువులను బదిలీ చేసే ఎంజైములు' అనాలేమో అనిపించింది. రెండూ ఒకటేనా? 'బదిలీ'కి మారుగా 'రవాణా', 'మార్పిడి' అనవచ్చా?

సమాధానం: మీకు అనిపించిందే సరి. మొదటి వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, కానీ అర్థం తారుమారైంది. 'నీళ్లు నింపబడే కుండ' అంటే నీళ్లు చేరేది కుండలోకే. అదే వరసలో 'చక్కెర బదిలీ చేయబడే ఎంజైము' అంటే చక్కెర వచ్చి చేరేది ఎంజైముకే అని పాఠకుడు అనుకుంటాడు.

మన క్రియాజన్య విశేషణాల స్వభావమే అంత. 'వాడు రాసే కలం', 'వాడు రాసే ఉత్తరం', 'వాడు రాసే బల్ల' అన్నిట్లోనూ 'రాసే' ఒక్కటే. కలంతో, ఉత్తరాన్ని, బల్ల మీద అన్న సంబంధాలు పైకి కనిపించవు. రోజూ చూసే వస్తువులు కాబట్టి మనమే పూరించుకుంటాం. కంటికి కనబడని ఎంజైము విషయంలో పాఠకుడికి ఆ ఆసరా లేదు. అందుకే 'ను' ఉండితీరాలి, క్రియ కర్తరిలో ఉండాలి.

అసలు ఈ ఎంజైముల పనంతా మూడు విభక్తుల్లో ఇమిడిపోతుంది: యూడీపీ-గ్లూకోజ్ నుంచి, గ్లూకోజ్‌ను, గ్లైకోజెన్‌కు (గ్లూకోజ్ నిల్వ గొలుసుకు). ఇచ్చేది, చేతులు మారేది, పుచ్చుకునేది. యూడీపీ-గ్లూకోజ్‌లా చక్కెరను మోసే న్యూక్లియోటైడ్లను కనిపెట్టి, పిండిపదార్థాల తయారీలో వాటి పాత్రను వివరించినందుకే లూయిస్ లెలోయిర్‌కు 1970లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. రక్తం గ్రూపుల్లోనూ ఇదే కథ. ఎర్రరక్తకణం మీది చక్కెర గొలుసుకు 'ఎ' గ్రూపువారి ఎంజైము ఎన్-ఎసిటైల్‌గెలాక్టోజమీన్ అనే చక్కెరను తగిలిస్తుంది, 'బి' గ్రూపువారిది గెలాక్టోజ్‌ను తగిలిస్తుంది. 'ఓ' గ్రూపువారిలో ఆ ఎంజైము పనిచేయదు, గొలుసు అలాగే మిగిలిపోతుంది. ఈ వాక్యాల్లో ఎక్కడా 'బడు' అవసరం రాలేదు, గమనించండి.

చక్కెర నిజంగానే ఎంజైముకు చేరే సందర్భం ఒకటి ఉంది. గ్లైకోజెన్ గొలుసుకు నాంది పలికే గ్లైకోజెనిన్ మొదట తన మీదే గ్లూకోజ్‌ను అతికించుకుంటుంది. అతికించే ఎంజైమూ అదే, అతికే చోటూ అదే. అక్కడ కూడా మనకు 'బడు' అక్కర్లేదు, 'కొను' ఉంది. 'తగిలించే', 'తగిలించుకునే' అన్న రెండు మాటల మధ్య తేడా తెలుగు పిల్లలకు బడికి వెళ్లకముందే తెలుసు. ఇంత సన్నని భేదాన్ని ఒక్క అనుబంధ క్రియతో చెప్పగల భాష చేతిలో ఉండగా 'చేయబడే'ను ఆశ్రయించడం నాకు బాధగా ఉంటుంది.

ఇక 'రవాణా' పనికిరాదు. గ్లూకోజ్‌ను కణపు పొర దాటించే ప్రొటీన్లు వేరే ఉన్నాయి, ఆ మాట వాటికి చెందాలి. 'మార్పిడి'లో ఇచ్చిపుచ్చుకోవడం ధ్వనిస్తుంది. 'బదిలీ' అరబ్బీ మూలం నుంచి వచ్చినా మనదైపోయింది, ఒకచోటి నుంచి తీసి మరోచోట నిలపడమనే అర్థం అందులో స్పష్టంగా ఉంది. 'శర్కర' కన్నా దాని తద్భవమైన 'చక్కెర' పక్కనే అది బాగా ఒదుగుతుంది. మొదటిసారి 'గ్లైకోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్' అని రాసి, ఆ తర్వాత 'చక్కెర బదిలీ ఎంజైము' అని కొనసాగించండి.