ఫిష్‌మాన్స్ మొదటి ఆల్బమ్ దగ్గరికి మళ్లీ వెళ్లాను

ఒకప్పుడు విని పక్కన పెట్టేసి, కొన్నేళ్లకు మళ్లీ దొరకబుచ్చుకున్న ఆల్బమ్ ఏదైనా ఉందా అని అడిగారు. నాకైతే వెంటనే నోటికొచ్చే పేరు 'చాపీ, డోంట్ క్రై'. టోక్యో బ్యాండ్ ఫిష్‌మాన్స్ 1991లో తెచ్చిన మొదటి ఆల్బమ్ ఇది.

ఈ బ్యాండ్‌ను నేను 'లాంగ్ సీజన్'తో మొదలుపెట్టాను. 1996లో వచ్చిన ఆ ఆల్బమ్ మొత్తం ఒకటే పాట, దాదాపు 35 నిమిషాలు. ఆ మైకంలో ఉన్నప్పుడు మొదటి ఆల్బమ్ పెడితే తేలికపాటి ప్రేమపాటల్లా వినిపించింది, చెవికి పట్టలేదు.

తర్వాతెప్పుడో మ్యూట్ బీట్ పిచ్చి పట్టుకుంది. 80ల నాటి జపనీస్ డబ్ బ్యాండ్ అది. డబ్ అంటే జమైకా సంగీతమైన రెగ్గే నుంచి పుట్టిన పద్ధతి: మిక్సింగ్‌లోనే గొంతును తగ్గించి, బేస్‌నూ డ్రమ్స్‌నూ ముందుకు తెచ్చి ప్రతిధ్వనులు జోడిస్తారు. మిక్సింగ్ చేసే ఇంజనీరును కూడా బ్యాండ్ సభ్యుడిగానే లెక్కపెట్టారంటే చూడండి! ట్రంపెట్ వాయించే కోదామా కజుఫుమి దానికి నాయకుడు. ఆయన ఇంకేం చేశాడా అని వెతుకుతుంటే తేలింది: 'చాపీ'కి ప్రొడ్యూసర్ ఆయనే. రికార్డింగ్ జరిగింది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో.

ఈసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ గిటార్ మీదే దృష్టి పెట్టి విన్నాను. అక్కడే ఉంది అసలు సంగతి. నాలుగు దెబ్బల తాళంలో మామూలు గిటార్ రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ 'చక్' మని ఇలా తగిలి అలా ఆగిపోతుంది. పాటను నడిపేది కాషివాబారా యుజురు బేస్. రెగ్గేలో 'వన్ డ్రాప్' అనే నడకలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలేసి, డ్రమ్స్ బరువంతా మూడో దెబ్బ మీద వేస్తారు. భజనల్లో మొదటి దెబ్బకే చప్పట్లు కొట్టడం అలవాటైన నాకు ఆ ఖాళీ భలే నచ్చుతుంది. ఆ బేస్ మీద గాయకుడు సాతో షింజి గొంతు, సన్నగా, పైస్థాయిలో, కుర్రాడి గొంతులా సాగుతుంది. వాళ్ల మొదటి సింగిల్ 'హికోకి' వినండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

సాతో 1999 మార్చిలో, 33 ఏళ్లకే పోయాడు. ఇప్పుడు ప్రపంచమంతా మెచ్చుకుంటున్న లైవ్ ఆల్బమ్ అంతకు దాదాపు రెండున్నర నెలల ముందు, 1998 డిసెంబర్ 28న టోక్యోలో రికార్డ్ చేసింది. బ్యాండ్ నుంచి వెళ్లిపోతున్న కాషివాబారాకు అదే చివరి కచేరీ. అందులో ఆయన బేస్ అంత నిబ్బరంగా ఎలా నడుస్తుందో 'చాపీ' విన్నాకే నాకు తెలిసింది. అందుకే ఎవరైనా ఫిష్‌మాన్స్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ముందు ఇదే వినమంటాను, 'లాంగ్ సీజన్' ఆ తర్వాతే.