బైపాస్ తేదీ మారినప్పుడు ముందు అడగాల్సింది మందుల గురించి

అన్నయ్యా, గుండె బైపాస్ ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడిందని, ఈలోపు ఏమవుతుందోనని నిద్ర పట్టడం లేదని రాశారు. మా నాన్నగారికీ ఇలాగే ఆలస్యమైంది. గాజువాక నుంచి తిరిగి తిరిగి రిపోర్టుల కవరు అంచులు చిరిగిపోయాయి, ఆ టెన్షన్ నాకు తెలుసు.

వాయిదా ఎందుకో స్పష్టంగా అడగండి: షుగరా, రక్తమా, ఐసీయూ బెడ్డా? ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అనుమతి ఆగితే, ఆస్పత్రిలో ఆ పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్రను కలవండి.

అసలు సంగతి మందులు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్రను మామూలుగా ఆపరేషన్‌కి 5 రోజుల ముందు ఆపిస్తారు. తేదీ మారితే మళ్లీ వేసుకోవాలా అని ఆ రోజే డాక్టర్‌ని అడగండి, సొంతంగా నిర్ణయించుకోవద్దు. మేం అడగడం మరిచిపోయి చాలా భయపడ్డాం.

ఊరికే కూర్చున్నా ఛాతీలో నొప్పి వస్తే తేదీ కోసం చూడకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.