మెట్లెక్కించి తీసుకురమ్మన్న కార్యాలయానికి రాయవలసిన ఉత్తరం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారు వెన్నుపూస దెబ్బతిన్నప్పటి నుంచి చక్రాల కుర్చీలో ఉన్నారు. ఆయనకు ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన సదరం వైకల్య ధ్రువపత్రం ఉంది. మీరు బెంగళూరుకు మారిన తరువాత, ఇక్కడ ఆయన పేరిట ఉన్న ఇంటిస్థలాన్ని మీకు రాసివ్వడానికి వెళితే ఉప రిజిస్ట్రారు కార్యాలయం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, నలుగురు మనుషులను పెట్టుకుని మోసుకురమ్మన్నారు. ఆ పత్రం ఇక్కడ చెల్లుతుందా, మోసుకెళ్లడం తప్ప దారి లేదా అని అడిగారు.

నేను మదనపల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా కృష్ణరాజపురం వైపు ఉంటున్నాను. పోలియో వల్ల రెండు కాళ్లకూ క్యాలిపర్లు, చేతుల్లో చంకకర్రలు. న్యాయవాదిని కాను, ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను. మీకు ఎదురైన పరిస్థితి నాకు రెండుసార్లు ఎదురైంది కనుక రాస్తున్నాను.

ధ్రువపత్రం సంగతి తేలికైనది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 58వ సెక్షను ప్రకారం, అధికారం ఉన్న వైద్యులు ఇచ్చిన ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. అది ఆంధ్రా పత్రమని తోసిపుచ్చే అధికారం ఇక్కడి గుమాస్తాకు లేదు. అయినా కౌంటరు దగ్గర వాదన తగ్గాలంటే కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, తీసుకోవడం మేలు. 40 శాతం నుంచి 80 లోపు ఉన్నవారికి పసుపు గీత, 80 ఆపైన ఉన్నవారికి నీలి గీత ఉంటుంది. అయితే పత్రం చెల్లడం వేరు, పథకానికి అర్హత వేరు. పింఛను వంటివి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన నివాసులకే ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలైంది కాబట్టి, మీ నాన్నగారు అక్కడ దానిని అందుకుంటూ ఉంటే, ఇక్కడ కూడా దరఖాస్తు పెట్టి ఉన్నదానికి చిక్కు తెచ్చుకోకండి.

ఇక మెట్ల సంగతి. 2019లో మా అమ్మ తన చిన్న ఫ్లాటును నాకు దానపత్రం ద్వారా రాసిచ్చినప్పుడు మేము వెళ్లిన కార్యాలయం ఒక అద్దె భవనంలో, కింద దుకాణాలు, పైన వాళ్లు అన్నట్టుగా ఉండేది. లిఫ్టు కోసం గది కట్టారు గానీ అందులో లిఫ్టుకు బదులు పాత దస్త్రాల కట్టలు ఉన్నాయి. మాకు దస్తావేజు తయారుచేసిపెట్టిన లేఖరి అనంతపురం మనిషే. "పాపం, మీరెందుకు సార్ కష్టపడటం, మా కుర్రాళ్లు ఎత్తుకుంటారు, పది నిమిషాల పని" అన్నాడు. నేను కాదనలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పైకి మోశారు, ఫోటో దిగాను, వేలిముద్ర వేశాను. దిగేటప్పుడు మలుపులో కుర్చీ కాలు జారి ఒక క్యాలిపరు మరమేకు విరిగింది. దెబ్బ పెద్దది కాదు. నన్ను ఎక్కువగా బాధించింది వేరొకటి: ఆ రోజు ఆ కార్యాలయం రికార్డులో నేను అందరిలాగే వచ్చి సంతకం చేసి వెళ్లిన మనిషిని. పాపమని చేసిన సాయానికి రశీదు ఉండదు, అందువల్ల అక్కడ మెట్లు ఒక సమస్య అన్న సంగతి ప్రభుత్వానికి తెలియనే తెలియదు. అందుకే, అత్యవసరమైతే తప్ప, మీ నాన్నగారిని మోయనివ్వకండి అని నా సలహా.

2023లో ఒక స్థలం అమ్మవలసి వచ్చి మళ్లీ అటువంటి కార్యాలయానికే వెళ్లవలసి వచ్చినప్పుడు నేను ముందుగా ఉత్తరం రాశాను. అందులో ఆధారంగా చూపినవి రెండు చట్టాలు. మొదటిది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. దాని 38వ సెక్షను ప్రకారం శారీరక అశక్తత వల్ల ప్రమాదం గానీ తీవ్రమైన ఇబ్బంది గానీ లేకుండా కార్యాలయానికి రాలేని వ్యక్తి స్వయంగా హాజరు కానక్కరలేదు. రిజిస్టరింగ్ అధికారి ఆయన ఇంటికి వెళ్లి విచారించాలి, లేదా అందుకోసం కమిషన్ జారీ చేయాలి, అంటే తన తరఫున విచారించడానికి మరొకరిని నియమించాలి. నూరేళ్లు దాటిన ఈ నిబంధన చాలామంది గుమాస్తాలకు తెలియదు, తెలిసినవారు చెప్పరు. రెండవది 2016 చట్టం. ప్రజలు వచ్చిపోయే భవనం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఆ చట్టం దృష్టిలో ప్రజా భవనమే కనుక, "ఇది అద్దె భవనమండీ, మేమేం చేయగలం" అన్న మాట అక్కడ నిలబడదు. ఉన్న భవనాలను అందుబాటులోకి మార్చడానికి 45వ సెక్షను గరిష్ఠంగా ఐదేళ్ల గడువు ఇచ్చింది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే 2022 జూన్‌తోనే ఆ గడువు తీరిపోయింది.

గడువు తీరినా పనులు ఎందుకు కాలేదంటే, ఒక కారణం ఆ నియమాల్లోనే ఉంది. 15వ నియమం ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా మార్గదర్శకాలుగా వదిలేసింది. చూపులేని రాజీవ్ రతూరీ 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ నియమం మూలచట్టానికే విరుద్ధమని చెప్పి, తప్పక పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారు చేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. నేను ఉత్తరం రాసిననాటికి ఈ తీర్పు లేదు. మీ ఉత్తరంలో దీనిని తప్పక ప్రస్తావించండి.

ఉత్తరం కన్నడంలో ఉండటం మంచిది. నాది మా పక్కింటి అమ్మాయి రాసిపెట్టింది. ఇక్కడి ప్రభుత్వ పత్రాల్లో మనల్ని "వికలచేతనరు" అంటారు. తెలుగు చెవికి అది మనసు చెదిరినవారన్నట్టు వినిపించి మొదట నాకు ఒళ్లు మండింది గానీ, దరఖాస్తులో వారి మాటే వాడాను. గుమాస్తా ఉత్తరం తీసుకున్నాడు కానీ ముద్ర వేసి ప్రతి ఇవ్వనన్నాడు. కనుక అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో మరొకటి పంపాను. పదకొండు రోజులకు ఉప రిజిస్ట్రారు సిబ్బందితో మా ఇంటికే వచ్చి, మర్యాదగా పని పూర్తిచేసుకుని వెళ్లారు.

అంతటితో నేను సంతోషించి ఉండవలసింది, మా ఇంట్లోవాళ్లు సంతోషించారు కూడా. కానీ ఇంటికి వచ్చినందుకు ప్రత్యేక రుసుము కట్టించుకున్నారు. నడవగలిగినవాడు ఆ రుసుము కట్టడు. వారి భవనానికి మెట్లున్నందుకు నేను సుంకం కట్టినట్టయింది. పైగా నాకు కావలసింది అధికారి మా గుమ్మానికి రావడం కాదు, నలుగురితో పాటు ఆ వరుసలో నిలబడి నా పని నేను చేసుకురావడం. అందుచేత, 2016 చట్టం 23వ సెక్షను ముఖ్యంగా ఉద్యోగంలో వివక్షపై ఫిర్యాదుల కోసమే అయినా, దాని కింద ఉండవలసిన ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాశాను. ప్రతి ప్రభుత్వ సంస్థా అటువంటి అధికారిని నియమించాలి, ఫిర్యాదుల పుస్తకం పెట్టాలి, నమోదైన రెండు వారాల్లో విచారణ జరగాలి అని చట్టం. ఆ అధికారి ఎవరో చెప్పగలిగినవారు కార్యాలయంలో ఒక్కరూ కనిపించలేదు. అప్పుడు కాక్స్ టౌన్‌లోని రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేశాను. సమన్లు ఇచ్చి పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి వాటిలో కమిషనరుకు సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి, ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. నేను రెండుసార్లు హాజరయ్యాను.

ఫలితం సగమే. కార్యాలయం నేటికీ పై అంతస్తులోనే ఉంది. అద్దె ఒప్పందం ముగిశాక చూస్తామన్నారు. అయితే ఫోటో, వేలిముద్రల యంత్రం కింద గదిలోకి తెచ్చే ఏర్పాటు చేశారు. ఆ గది ముందు స్కూటర్లు ఎక్కించడానికి వేసిన నిటారు వాలును ర్యాంపని చూపించారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. నేను టేపు తీసుకెళ్లి కొలిస్తే నాలుగు అడుగులైనా లేదు. రుసుము తిరిగి రాలేదు.

మీరు త్వరపడుతున్నారని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది కనుక ఒక సులువు చెబుతాను. కర్ణాటకలో 2024 సెప్టెంబరు నుంచి జిల్లా పరిధిలోని ఏ ఉప రిజిస్ట్రారు కార్యాలయంలోనైనా పత్రం నమోదు చేయించుకోవచ్చు. నేల అంతస్తులో ఉన్నది ఎక్కడుందో మీరొక్కరే ముందుగా వెళ్లి కళ్లతో చూసుకుని, చక్రాల కుర్చీ వెడల్పుకు ద్వారం సరిపోతుందో లేదో కొలుచుకుని, అక్కడ సమయం తీసుకోండి. నాన్నగారి పని అక్కడ ముగించుకున్నా, మోసుకురమ్మన్న కార్యాలయానికి ఉత్తరం మాత్రం పంపండి. వారు ఆ మాట ఏ తేదీన ఎవరితో అన్నారో, మెట్లు ఎన్ని ఉన్నాయో అందులో రాయండి.