కారు సందేహాలు: వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించాలా?

ప్రశ్న: మాది 2014 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఇంటిల్లిపాదీ తరచూ తిరుమల వెళ్లొస్తుంటాం. దిగేటప్పుడు అలిపిరి దగ్గరయ్యే కొద్దీ బ్రేకు పెడల్ మెత్తబడి లోతుకు పోతోంది. కిందికొచ్చి గంటసేపు ఆపితే మళ్లీ మామూలే. వెనక కూడా డిస్కులు వేయిస్తే ఈ బెడద పోతుందంటున్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ బ్రేక్ ఆయిల్ మరుగుతోందనే చెబుతున్నాయి. డిస్కులు వేయించినా పైపుల్లో అదే పాత ఆయిల్ ఉంటే అదే చోట మళ్లీ మెత్తబడుతుంది.

తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,300 కిలోల బరువున్న కారు అంత ఎత్తు దిగితే పుట్టే వేడితో దాదాపు 30 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి. ఆ మలుపుల్లో న్యూట్రల్‌లోనో పెద్ద గేర్లోనో దిగితే ఆ వేడంతా దాదాపుగా బ్రేకుల మీదే పడుతుంది. 2వ గేర్లో దిగితే అందులో మంచి వాటా ఇంజన్ లాగేసుకుంటుంది.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణముంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 గ్రేడు ఆయిల్ కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే అంకెలు 230, 155. మరిగి ఆవిరి పుట్టిందంటే మీ కాలి బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. చల్లారాక ఆవిరి మాయమవుతుంది కాబట్టి గ్యారేజీకి తీసుకెళ్లేసరికి లోపం దొరకదు. అందుకే ఈ జబ్బుకు తప్పుడు మందు పడుతుంటుంది.

పెడల్ మెత్తగా ఉండి, పంపు కొట్టినట్టు పదే పదే తొక్కితే పైకి లేస్తుంటే ఆయిల్లో ఆవిరో గాలో ఉన్నట్టు. పెడల్ రాయిలా ఉన్నా కారు ఆగకపోతే డిస్కును పట్టే ప్యాడ్లు, డ్రమ్మును లోపలి నుంచి పట్టే షూల మీది లైనర్లు కాలాయి. పెడల్ గట్టిగానే ఉండి, లోతుకు వెళ్లాక పట్టుకుంటుంటే వెనక డ్రమ్ములను అనుమానించండి. వేడికి డ్రమ్ము పెద్దదై షూలకు దూరం జరుగుతుంది. షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపే అడ్జస్టర్ బిగుసుకుపోయి ఉంటే ఆ ఖాళీ మరీ ఎక్కువవుతుంది.

ఇక డిస్కుల మార్పిడి. రోటర్ (డిస్కు), క్యాలిపర్ (ప్యాడ్లతో దాన్ని పట్టే భాగం) కొంటే అయిపోయే పని కాదు. క్యాలిపర్ బిగించే బ్రాకెట్, దానికి తగ్గ హబ్, క్యాలిపర్‌లోనే హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటు, వేరే కేబుళ్లు, వేరే హోస్ పైపులు కావాలి. అన్నీ సమకూరినా అసలు చిక్కు ముందూ వెనకల తూకం దగ్గర వస్తుంది. డ్రమ్ములో ముందు షూను చక్రమే తనవైపు లాక్కుంటుంది కాబట్టి తక్కువ ప్రెషర్‌తోనే పట్టు దొరుకుతుంది. డిస్కుకు ఆ సాయం ఉండదు, పిస్టన్ సైజుతోనే పట్టు రావాలి. పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్, వెనక ప్రెషర్ తగ్గించే వాల్వు, ఏబీఎస్ (చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని లెక్కలు, అన్నీ కంపెనీ డ్రమ్ములకు సరిపెట్టినవి. పట్టు తక్కువైతే డబ్బు దండగ. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు: తడి రోడ్డు మీద మలుపులో వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరిగిపోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి కారును ఆపే పనిలో సింహభాగం ముందు చక్రాలదే. వెనక ఎంత ఖర్చు పెట్టినా దక్కేది కొంచెమే. పైగా ఇలాంటి మార్పుకు, వాహనంలో మార్పులపై ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు రావచ్చు, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ రావచ్చు.

ఆ డబ్బులో కొంత భాగంతో ఇవి చేయించండి: ఆయిల్ మొత్తం మార్పు, ముందు ప్యాడ్లు, క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు, పదేళ్లు దాటిన రబ్బరు హోస్‌లు కొత్తవి, వెనక షూలు, వాటిని తోసే వీల్ సిలిండర్లు. రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అని ఉన్నా డాట్ 4 పోయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, అసలు వద్దు. ఒక లీటరు సీలు తీయని డబ్బా సరిపోతుంది. ఇక నుంచి రెండేళ్లకోసారి మార్చండి.

ప్రశ్న: వెనక బ్రేక్ షూలు ఇంట్లోనే మార్చుకోవాలని ఉంది. పనిముట్లు ఉన్నాయి. జాగ్రత్తలు చెప్పండి.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, 1వ గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద కూర్చోవద్దు, స్టాండు పెట్టండి.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదవద్దు. చాలా మారుతి కార్ల డ్రమ్ముల ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో 8 ఎం.ఎం. బోల్టులు ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి కాస్త కాస్త బిగిస్తే డ్రమ్ము దానంతటదే బయటికొస్తుంది. బేరింగు డ్రమ్ములోనే ఉండే మోడళ్లలో ముందు మధ్య నట్టు తీయాలి. అంచు కొట్టి లాక్ చేసిన నట్టయితే తిరిగి వాడకూడదు. కొత్తది మాన్యువల్లో చెప్పినంత బిగువుకు (టార్క్) బిగించాలి.

లోపలి దుమ్మును గాలి పంపుతో ఊదవద్దు, ఊపిరితిత్తులకు చేటు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. తర్వాత వీల్ సిలిండర్ చివరనున్న రబ్బరు బూటును గోరుతో కొద్దిగా లేపి చూడండి. లోపల పొడిగా ఉండాలి. ఆయిల్ చెమ్మ కనిపించిందా, రెండు వైపులా సిలిండర్లు మార్చాల్సిందే. ఆయిల్ తాగిన లైనరును ఎమరీ పేపరుతో రుద్ది మళ్లీ వేయడం పనికిరాదు. లోపల ఇంకినది వేడెక్కగానే పైకొస్తుంది.

ఒక్కసారి ఒక్క చక్రమే విప్పండి, రెండోది నమూనాగా ఉంటుంది. స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. షూలు మాత్రం నాలుగూ కలిపే మార్చాలి. ఒకవైపే మారిస్తే కారు పక్కకు లాగుతుంది. లైనర్ మందం 1 ఎం.ఎం.కు చేరిందంటే ఆఖరు. షూ అంచు రాసుకునే చోట్ల వెనక ప్లేటు మీద వేడికి తట్టుకునే గ్రీజు పల్చగా, ఆవగింజంత పూయండి.

డ్రమ్ము లోపలి అంచున వేలు పెట్టి తడిమితే గట్టులా తగులుతుంది. ఆ గట్టు అరగని భాగం, మిగతాదే అరిగింది. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం చూసి, అంతలోపే ఉంటే లేత్ పట్టించండి, దాటితే పారేయండి. లేత్ పట్టిస్తే రెండింటికీ ఒకే కొలత రావాలి.

సిలిండర్ విప్పితే ఆయిల్ పైపుల్లోంచి గాలి తీయాల్సిందే. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్ చెబుతుంది. గాలి తీసే నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, దాని కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. లోపల కూర్చున్నవారు పెడల్ నొక్కి పట్టుకున్నాక నిపుల్ వదులు చేసి, మూసేశాకే పెడల్ వదలమనండి. పాత కారులో పెడల్‌ను అడుగంటా తొక్కనివ్వొద్దు, కింద చెక్క ముక్క పెట్టండి. మాస్టర్ సిలిండర్‌లో రోజూ వాడని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, రబ్బరు సీళ్లు అక్కడిదాకా వెళితే చిరుగుతాయి. పని మధ్యలో రిజర్వాయర్ మినిమం గీత కిందికి పోనివ్వవద్దు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

ప్రశ్న: మొగిలి ఘాట్‌లో లారీల వెనక ఆగితే హ్యాండ్‌బ్రేక్ నిలపడం లేదు. కేబుల్ రెండుసార్లు బిగించారు, కొన్నాళ్లకే మళ్లీ అంతే.
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: కేబుల్ బిగించడం ఆఖరి పని, దాన్నే ముందు చేసినట్టున్నారు. కేబుల్ అతిగా బిగిస్తే షూ మీది లివర్ ఎప్పుడూ కాస్త లేచే ఉంటుంది. అలా ఉంటే అడ్జస్టర్ పళ్లు ముందుకు జరగవు, షూలు అరిగే కొద్దీ ఖాళీ పెరుగుతూనే ఉంటుంది. కేబుల్ పూర్తిగా వదులు చేయించి, డ్రమ్ములు విప్పి, అడ్జస్టర్ కడిగించి, డ్రమ్ము లైనరును చిన్నగా రాసుకుంటూ తిరిగేంతగా షూలు జరిపించండి. తర్వాత పెడల్ పది పదిహేను సార్లు నొక్కి, అప్పుడు కేబుల్ చూడాలి. హ్యాండ్‌బ్రేక్ లివర్ ఎన్ని పళ్లు లేవాలో మాన్యువల్లో ఉంటుంది. లివర్ దించాక వెనక చక్రాలు చేత్తో సులువుగా తిరగాలి.

ప్రశ్న: నవంబరు వానల్లో కారు నాలుగు రోజులు ఆపితే వెనక చక్రాలు కదలడం లేదు. ఒక్కసారిగా టప్‌మని విడిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: తడికి డ్రమ్ము తుప్పు పట్టి లైనరుకు అతుక్కుంటోంది. ఆపేముందు రెండు మూడుసార్లు బ్రేకు నొక్కి డ్రమ్ములు ఆరనివ్వండి. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా 1వ గేర్లో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. అతుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లైనర్ షూ నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. మెల్లగా ముందుకొకసారి, రివర్స్‌లో ఒకసారి కదిలించి చూడండి. విడిపోయాక కూడా గరగర వినిపిస్తుంటే డ్రమ్ము విప్పించి లైనర్ అంచులు చూపించుకోండి.