కుకీలన్నీ ఒకేసారి తుడిచేయకండి, నేను చేసి చూశాను

ప్రతి వెబ్‌సైటూ "కుకీలు ఒప్పుకుంటారా" అని అడుగుతోంది, ఒప్పుకుంటే ప్రమాదమా, ఉన్నవన్నీ డిలీట్ చేసేస్తే పీడ వదులుతుందా అని అడిగారు. ఆ రెండో పని చేసి ఇబ్బంది పడ్డవాణ్ణి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూడేళ్ల కిందట నాన్నగారి రిపోర్టుల్లో ఒక జబ్బు పేరు కనిపించింది. ఇంకో పరీక్ష అయ్యేదాకా ఆయనకు చెప్పొద్దని అన్నయ్యా నేనూ అనుకున్నాం. ఆ రాత్రి ఇంట్లో అందరం వాడే కంప్యూటర్లోనే కూర్చుని, ఒక ఆరోగ్య సైట్‌లో ఆ జబ్బు గురించి చాలాసేపు చదివాను. లేచేముందు హిస్టరీ తుడిచేశాను. మర్నాడు నాన్నగారు వార్తలు చదువుదామని కూర్చుంటే పేజీ పక్కనే ఆ జబ్బు చికిత్స ప్రకటన. ఇంకో సైట్ తెరిస్తే అక్కడా అదే. "ఇదేంట్రా, ఎక్కడ చూసినా ఇదే వస్తోంది?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆ కోపంలో బ్రౌజర్లో ఉన్న కుకీలు, సైట్ డేటా మొత్తం తుడిచేశాను. దాంతో ఇంట్లో అందరి లాగిన్‌లూ పోయాయి. అన్నయ్య రెండు రోజులుగా నింపుతూ పెట్టుకున్న ఒక దరఖాస్తు ఖాళీ అయిపోయింది. అమ్మ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఇంత చేస్తే వారం తిరక్కుండా ఆ ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడుగానీ అసలు కుకీ అంటే ఏమిటో కూర్చుని తెలుసుకోలేదు.

వెబ్‌సైట్‌కి స్వతహాగా జ్ఞాపకం ఉండదు. మీరు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్తే, అడుగుతున్నది ఇందాకటి మనిషేనని దానికి తెలియదు. ఈ చిక్కు తీర్చడానికే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు కుకీని తయారుచేశాడు. సంచి కౌంటర్లో ఇస్తే చేతికి టోకెన్ ఇస్తారు చూడండి, అలాంటిదే ఇది. సైట్ ఒక చిన్న అక్షరాల ముక్క ఇస్తుంది, బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. మహా అయితే 4 కిలోబైట్లు. అది ప్రోగ్రామ్ కాదు, వైరస్ అంతకన్నా కాదు. మీ లాగిన్ నిలబడేది, కార్ట్‌లో వేసినవి అలాగే ఉండేది చాలావరకు దీనివల్లే. ఈ రకం కుకీలతో పేచీ పెట్టుకోనక్కర్లేదు.

మా ఇంట్లో జరిగింది వేరే రకం. నేను చదివిన పేజీలో ప్రకటనల కంపెనీ కోడ్ ముక్క ఒకటి ఉంది. పేజీ తెరుచుకోగానే బ్రౌజర్ ఆ కంపెనీ సర్వర్‌ని కూడా పలకరించింది, వాళ్లు నాకో నంబరు ఉన్న కుకీ ఇచ్చారు. నాన్నగారు చూసిన వార్తల పేజీలోనూ అదే కంపెనీ కోడ్ ముక్క ఉంది. బ్రౌజర్ అదే నంబరు అక్కడా చూపించింది. వీటినే థర్డ్ పార్టీ కుకీలంటారు. హిస్టరీ తుడిస్తే ఇవి పోవు, ఎందుకంటే అవి దాచే చోటే వేరు.

మీ కళ్లతో చూడాలంటే కంప్యూటర్లో, క్రోమ్‌లో ఏదైనా సైట్ తెరిచి ఎఫ్12 నొక్కండి. అప్లికేషన్ అనే ట్యాబ్‌లో ఎడమవైపు కుకీస్ కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఒక వరసలో పొడవాటి నంబరు, పక్కన డొమైన్ (అంటే సైట్ చిరునామా) దగ్గర నేనెప్పుడూ తెరవని కంపెనీ పేరు, గడువు చూస్తే ఏడాది పైన. క్రోమ్ ఇప్పుడు ఏ కుకీకైనా 400 రోజుల గడువు దాటనివ్వదు గానీ, మళ్లీ అదే సైట్‌కి వెళ్తే ఆ గడువును కొత్తగా పొడిగించుకోవచ్చు.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది డిలీట్ కాదు, థర్డ్ పార్టీ కుకీలను ఆపడం. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే బ్లాక్ చేసే ఆప్షన్ ఉంటుంది. అది మీరే పెట్టుకోవాలి. సఫారీ 2020 నుంచి తనంతట తానే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైట్ కుకీలను ఒక్కో డబ్బాలో విడిగా ఉంచుతోంది. బ్లాక్ చేశాక ఎప్పుడైనా ఏదో పేమెంట్ పేజీయో, పేజీలో పొదిగిన వీడియోనో మొరాయిస్తే ఆ ఒక్క సైట్‌కి అనుమతి ఇస్తే చాలు. నాకు ఇన్నాళ్లలో అలా రెండుసార్లే అవసరం పడింది. ఏదైనా ఒక సైట్ తిక్కగా ప్రవర్తిస్తే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి దాని కుకీలు మాత్రమే తుడవండి.

ఇక "కుకీలు ఒప్పుకుంటారా" అని అడిగే ఆ బ్యానర్ సంగతి. "అన్నీ తిరస్కరించు" కనిపిస్తే నిశ్చింతగా నొక్కండి, లాగిన్‌కి కావలసినవి ఎలాగూ పనిచేస్తాయి. ఒప్పుకోవడానికి ఒక్క క్లిక్కు, వద్దనడానికి నాలుగు తెరలు పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఫ్రాన్స్‌లో డేటా రక్షణ సంస్థ 2022 జనవరిలో ఇదే కారణంతో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఇంకో విషయం చాలామంది గమనించరు: మీరు వద్దన్న మాటను కూడా సైట్ సాధారణంగా ఒక కుకీలోనే రాసుకుంటుంది. అన్నీ తుడిచేస్తే అదీ పోయి, బ్యానర్ మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్‌కాగ్నిటో అని క్రోమ్‌లో విడిగా తెరుచుకునే ప్రైవేట్ కిటికీ ఉంటుంది, తెరిచిన అలాంటి కిటికీలన్నీ మూయగానే అందులోని కుకీలు పోతాయి. జబ్బుల గురించి వెతకడానికి నేనిప్పుడు అదే వాడతాను. అయితే దాంట్లో మీ అకౌంట్‌తో లాగిన్ అయితే మాత్రం ఆ కంపెనీ దగ్గర మీ పేరు మీదే రికార్డు అవుతుంది. కుకీలు తుడిచినా వాళ్ల సర్వర్లో అప్పటికే చేరింది చెరగదు, దానికి అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి విడిగా డిలీట్ చేయాలి.

మీ కంప్యూటర్ కూడా నలుగురూ వాడేదైతే బ్రౌజర్లో ఒక్కొక్కరికీ ఒక్కో ప్రొఫైల్ పెట్టండి. రెండు నిమిషాల పని, ఎవరి కుకీలు వాళ్లవే అవుతాయి. మా ఇంట్లో మొదటి ప్రొఫైల్ నాన్నగారి పేరుతోనే పెట్టాను.